ఫ్లోటింగ్ రూఫ్ ఒరిగితే: కారణం పట్టుకునే పద్ధతి

ట్యాంకు మీద ఫ్లోటింగ్ రూఫ్ ఒక పక్కకు ఒరిగిందని ఫీల్డ్ నుంచి కబురు రాగానే కంట్రోల్ రూమ్‌లో మొదట వినిపించే ప్రశ్న "ఎటువైపు?" అని. అది అడగాల్సిందే. కానీ మిమ్మల్ని కారణం దాకా తీసుకెళ్లేది దాని తర్వాతి ప్రశ్న: "ట్యాంకులో ఏ లెవెల్ ఉన్నప్పుడు ఒరిగింది? ఆ లెవెల్ మారితే ఒరుగు మారుతోందా?" ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రిఫైనరీలో, టెర్మినల్లో, డిపోలో కొత్తగా చేరిన ఇంజినీరు గానీ, రోజూ మెట్లెక్కి రూఫ్ చూసి వచ్చే ఆపరేటర్ గానీ ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే.

రూఫ్ తేలడం వెనుక లెక్క

సింగిల్ డెక్ రూఫ్‌లో మధ్యన ఉండేది దాదాపు 5 మిల్లీమీటర్ల మందం రేకు. దాని చుట్టూ గదులు గదులుగా విడదీసిన పాంటూన్ ఉంటుంది. రూఫ్ మునిగిపోకుండా కాపాడేది ఆ గదుల్లోని గాలే. క్రూడ్, నాఫ్తా, పెట్రోలు లాంటి సరుకు ఆవిరైపోకుండా, పైన మండే ఆవిరి పోగుకాకుండా ఈ ఏర్పాటు చేశారు.

60 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు తీసుకోండి. రూఫ్ వైశాల్యం సుమారు 2,830 చదరపు మీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాని మీద 2.8 టన్నుల నీరు చేరుతుంది. 100 మిల్లీమీటర్ల వాన పడి, రూఫ్ డ్రెయిన్ మూసుకుపోయి ఉంటే 283 టన్నులు. పాంటూన్ మూడు మీటర్ల వెడల్పుతో 20 గదులుగా ఉందనుకుంటే, ఒక్క గదిలో అడుగు ఎత్తున నీరు నిలిచినా ఎనిమిది టన్నుల బరువు, అదీ ఒకే పక్కన.

ఇంట్లో గంగాళం నిండా నీళ్లు పోసి, పైన స్టీలు పళ్లెం తేలనివ్వండి. పళ్లెంలో గరిటెడు నీళ్లు పోసి అంచును వేలితో కాస్త నొక్కండి. పళ్లెంలోని నీళ్లన్నీ ఆ అంచుకే పరుగెత్తుతాయి, అంచు ఇంకా దిగుతుంది, ఇంకా నీళ్లు చేరతాయి. రూఫ్ మీద జరిగేదీ ఇదే. ఒరుగు మొదలయ్యాక దాన్ని పెంచడానికి ఉన్న నీరే చాలు, కొత్త బరువేమీ అక్కర్లేదు. "కొంచెమేగా, రేపు చూద్దాం" అనే మాటకు ఇక్కడ చోటు లేకపోవడానికి కారణం ఇది.

ఇంకో సంగతి కూడా మనసులో నాటుకోండి. అమెరికన్ ప్రమాణం ఏపీఐ 650 ప్రకారం డ్రెయిన్ పనిచేయకపోయినా 24 గంటల్లో 250 మిల్లీమీటర్ల వానను రూఫ్ తట్టుకోవాలి. పక్కపక్కనున్న ఏ రెండు పాంటూన్ గదులు చిల్లుపడినా, దాంతోపాటు మధ్య డెక్ కూడా చిల్లుపడినా, రూఫ్ తేలుతూనే ఉండాలి. చాలామంది ఈ రెండూ కలిపి రక్షణ అనుకుంటారు. కాదు. రెండూ వేర్వేరు లెక్కలు. చిల్లుల లెక్కలో వాన నీరు లేదు, వాన లెక్కలో చిల్లులు లేవు. పాంటూన్ కారుతుండగా తుపాను వస్తే మీ రూఫ్ ఏ డిజైన్ లెక్కలోనూ లేని స్థితిలో ఉన్నట్టే. చిన్న లీకును ఎండ రోజుల్లోనే సరిచేయాలని పట్టుబట్టడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

మొదటి గంటలో చేయాల్సినవి

1. ట్యాంకులోకి వస్తున్న సరుకునూ, బయటికి పోతున్న సరుకునూ ఆపించండి. వాల్వు ఒక్కసారిగా మూయొద్దు; పంపు దగ్గర మాట్లాడి, పద్ధతి ప్రకారం ఆపించాలి. ఓడ నుంచి సరుకు దిగుతుంటే జెట్టీ వాళ్లకు ముందు కబురు వెళ్లాలి. మిక్సర్ నడుస్తుంటే అదీ ఆపాలి. ఇరుక్కున్న రూఫ్ కింద సరుకు తీస్తూ పోతే కింద ఆవిరి చేరి, రూఫ్ గాలిలో వేలాడుతుంది. ఏ క్షణాన్నయినా ఊడి పడుతుంది. అదే రూఫ్ కింద సరుకు నింపుతూ పోతే ఆయిల్ డెక్ మీదికి ఎక్కుతుంది.

2. ఆ చుట్టుపక్కల హాట్ వర్క్ పర్మిట్లు రద్దు చేయించండి. వాహనాలను ఆపించండి.

3. ఎవరినీ రూఫ్ మీదికి దిగనివ్వకండి. రూఫ్ కిందికి దిగి ఉన్నప్పుడు పైభాగం తెరిచి ఉన్న గొయ్యిలాంటిది. క్రూడ్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ పేరుకుంటుంది. దాని గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే "వాసన లేదు కాబట్టి ఫర్వాలేదు" అనే మాట చెల్లదు. గ్యాస్ టెస్ట్, కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్, గాలి సిలిండరు మాస్కు, పైన నిలబడి చూసే మనిషి: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా దిగకూడదు. ఒరిగిన రూఫ్ మీదికైతే కారణం తేలేదాకా ఇవన్నీ ఉన్నా దిగకూడదు.

4. డెక్ మీద ఉన్నది నీరా, ఆయిలా అన్నది పై ప్లాట్‌ఫామ్ నుంచే చూడండి. ఆయిల్ అయితే ఇక అది మెయింటెనెన్స్ పని కాదు, ఎమర్జెన్సీ. ఫైర్ సిబ్బంది చేతుల్లోకి వెళ్లాలి.

5. కింద రూఫ్ డ్రెయిన్ వాల్వు దగ్గరికి ఒక మనిషిని పంపండి. ఈ ఒక్క వాల్వు మూడు సంగతులు చెబుతుంది. నీరు ధారగా వస్తుంటే డ్రెయిన్ పనిచేస్తోంది. డెక్ మీద నీరు కనబడుతున్నా కింద చుక్క రాకపోతే, పైన సంప్ జాలీలో తుప్పు పెచ్చులో పక్షిగూడో అడ్డుపడి ఉండాలి, లేదా లోపలి పైపు నలిగి ఉండాలి. ఆయిల్ వస్తుంటే ట్యాంకు లోపల డ్రెయిన్ హోస్ గానీ జాయింట్ గానీ తెగింది, వాల్వు మూయాలి. కానీ మూసిన క్షణం నుంచి వాన నీటికి దారి లేదన్న మాట రిజిస్టర్లో పెద్ద అక్షరాలతో రాయాలి.

ఎనిమిది కొలతలు

షిఫ్ట్ రిజిస్టర్లో "రూఫ్ కొంచెం ఒరిగి ఉంది" అని రాసి ఉంటే తర్వాతి షిఫ్ట్‌కు దానివల్ల ఏమీ తెలియదు. కావాల్సింది అంకెలు. పెద్ద ట్యాంకులకు షెల్ పైభాగాన విండ్ గర్డర్ మీద నడిచే దారి ఉంటుంది. రోలింగ్ ల్యాడర్ దగ్గర ఒకటో గుర్తు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో సమదూరంలో ఎనిమిది చోట్ల, ఎర్తింగ్ చేసిన టేపుతో షెల్ పైఅంచు నుంచి రూఫ్ రిమ్ దాకా లోతు కొలవండి. రూఫ్ మీద అడుగు పెట్టక్కర్లేదు. గ్యాస్ టెస్ట్ మాత్రం ఇక్కడా తప్పదు.

ఉదాహరణకు మిల్లీమీటర్లలో ఇలా వచ్చాయనుకోండి: 6,420, 6,450, 6,510, 6,570, 6,590, 6,560, 6,500, 6,440.

ఇప్పుడు ఎదురెదురు అంకెలు కూడండి. ఒకటి, ఐదు కలిపితే 13,010. రెండు, ఆరు కలిపినా 13,010. మూడు, ఏడు; నాలుగు, ఎనిమిది కూడా అంతే. జతలన్నీ ఒకే మొత్తం ఇస్తే రిమ్ చదునుగానే ఉందనీ, రూఫ్ మొత్తంగా ఒక పక్కకు వాలిందనీ అర్థం. ఇక్కడ ఐదో గుర్తు వైపు 170 మిల్లీమీటర్లు దిగింది.

జతల మొత్తాల్లో తేడా వస్తే కథ వేరు. ఒక్క చోట అంకె పక్కవాటితో పొంతన లేకుండా ఎగిరితే అక్కడ రిమ్‌కు సొట్ట పడి ఉండొచ్చు. ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లు పైకి, వాటికి అడ్డంగా ఉన్న రెండు చోట్లు కిందికి ఉంటే రూఫ్ మెలిపడింది. ఒరిగిన రూఫ్‌ను చాలాసార్లు బరువు తీసి నిలబెట్టవచ్చు. మెలిపడిన రూఫ్‌కు ట్యాంకు ఖాళీ చేసి పని చేయాల్సి వస్తుంది. ఆ తేడా తెలుసుకోవడానికి కూడికలు చాలు.

రెండు జాగ్రత్తలు. షెల్ పైఅంచే సమంగా లేకపోతే ఈ అంకెలు మోసం చేస్తాయి, కాబట్టి లెవెల్ సర్వే రికార్డు పక్కన పెట్టుకుని సరిచూడాలి. రోలింగ్ ల్యాడర్ బరువు వల్ల కొత్త రూఫ్ కూడా కాస్త వాలే ఉంటుంది. అందుకే ట్యాంకు మొదటిసారి నింపిన రోజున ఇవే ఎనిమిది కొలతలు తీసి భద్రపరచాలి. అది లేకపోతే ఇవాళ్టి కొలతనే మొదటిదిగా పెట్టుకోండి.

ఒరుగు ఎప్పుడు కనిపిస్తోంది?

ఇప్పుడు పాత డిప్ రికార్డులు, రౌండ్ల రిజిస్టరు ముందు పెట్టుకుని ఆ రెండో ప్రశ్నకు రండి. జవాబు మూడు రకాలుగా ఉంటుంది.

*ఏ లెవెల్లోనైనా ఒకే వైపు, ఒకే మాదిరిగా.* ఇది బరువు చేసే పని. రూఫ్‌తోపాటు బరువు పైకీ కిందికీ ప్రయాణిస్తోంది. దిగిన వైపు పాంటూన్ గదుల్లో నీరో ఆయిలో చేరి ఉంటుంది. నీరైతే మ్యాన్‌హోల్ మూత ఎగిరిపోయిందేమో, గ్యాస్కెట్ పోయిందేమో, పైరేకు తుప్పు తిన్నదేమో చూడాలి. ఆయిల్ అయితే కిందిరేకు గానీ రిమ్ వెల్డు గానీ చిల్లుపడింది. పక్కపక్క గదులు రెండింట్లోనూ ఒకే ఎత్తున ద్రవం ఉంటే మధ్య గోడ వెల్డు కారుతోందని అనుమానించండి. అలాంటప్పుడు ఒక్క చిల్లుకే రెండు గదులు పోతాయి.

*లెవెల్ మారితే మారుతూ, కొన్నిచోట్ల మాయమవుతూ.* ఇది రాపిడి చేసే పని. బరువు మారలేదు, ట్యాంకు ఆకారంలోనే ఎక్కడో పట్టేస్తోంది. గైడ్ పోల్ నిలువు తప్పిందేమో, దాని రోలర్లు బిగుసుకున్నాయేమో చూడండి. రోలింగ్ ల్యాడర్ చక్రం పట్టా దిగి డెక్ మీద ఈడ్చుకుపోతోందేమో చూడండి. సీల్ షూ హ్యాంగర్ విరిగి షెల్ వెల్డుకు తగులుకుంటుంది. క్రూడ్ ట్యాంకుల్లో షెల్‌కు మైనం గడ్డకట్టినా సీల్ ఈడ్చుకుంటుంది. వీటన్నిటి వెనుకా ఒక్కోసారి పునాది ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరాల్లోని మెత్తటి సముద్రపు బంకమట్టి లాంటి నేలలో పునాది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగితే, దాని ఫలితం షెల్ పైభాగంలో కనిపిస్తుంది: గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఒకవైపు సీల్ దగ్గర సందు తేలుతుంది, దానికి అడ్డంగా ఉన్న వైపు రూఫ్ నొక్కుకుపోతుంది. అలాంటి చోట సీల్ మార్చి చేతులు దులుపుకుంటే ఆరు నెలల్లో కొత్త సీలూ పోతుంది. ఏపీఐ 653 చెప్పినట్టు ట్యాంకు చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల పునాది లెవెల్ సర్వే చేయించండి.

*అడుగు లెవెల్లో మాత్రమే.* ఇది కాళ్లు చేసే పని. రూఫ్ కాళ్లకు రెండు ఎత్తులుంటాయి: ట్యాంకు నడిచేటప్పుడు తక్కువ, లోపల మనుషులు పనిచేసేటప్పుడు ఎక్కువ. షట్‌డౌన్ తర్వాత పిన్నులు మార్చేటప్పుడు ఒకవైపు నాలుగైదు కాళ్లు పాత ఎత్తులోనే ఉండిపోతే, రూఫ్ దిగినప్పుడు ముందు ఆ వైపే ఆనుకుంటుంది, మిగతాది కిందికి వాలుతుంది. అడుగున గడ్డకట్టిన స్లడ్జ్ మీద కాలు ఆనినా అంతే. ఇంకొకటి తరచూ కంటికి ఆనదు: దిగే కాలి కింద డ్రెయిన్ హోస్ పడి నలగడం. ఒరుగు కూడా, మూసుకుపోయిన డ్రెయిన్ కూడా ఒకేసారి కనిపిస్తే దీన్ని గుర్తుచేసుకోండి.

డెక్ ఉబ్బితే, కుంగితే, పగిలితే

డెక్ మధ్యలో *ఉబ్బిందంటే* కింద ఆవిరో గాలో చిక్కుకుంది. ట్యాంకు తట్టుకోలేనంత తేలిక భాగాలున్న సరుకు వచ్చి ఉండొచ్చు. పైపులైను పిగ్గింగ్ చేశాక లైనులో మిగిలిన గాలి ముద్దగా ట్యాంకులోకి దూసుకొచ్చి ఉండొచ్చు. అలాంటి గాలి ముద్ద రూఫ్‌ను ఎత్తి పడేసి, సీళ్లు, గైడ్ పోల్ విరిచేయగలదు. కాబట్టి పిగ్గింగ్ రోజున ఏ ట్యాంకులోకి తీసుకోవాలన్నది ముందే నిర్ణయించాలి.

డెక్ *కుంగిందంటే* నీరు నిలిచిందేమో ముందు చూడండి. నీరు లేకుండానే కాళ్ల చుట్టూ రేకు ముడతలు పడి, మధ్యలో లోపలికి లాగినట్టుంటే, కాళ్ల మీద ఆనిన రూఫ్ కింద నుంచి సరుకు తీశారనీ, ఆ సమయంలో బ్లీడర్ వెంట్ తెరుచుకోలేదనీ అర్థం. రూఫ్ కాళ్ల మీద ఆనే ముందే వెంట్ కాడ నేలకు తగిలి మూత లేవాలి. అది బిగుసుకుంటే లోపల వాక్యూమ్ పుట్టి కాళ్లు డెక్‌ను చీల్చుకుని పైకి వస్తాయి. ట్యాంకు ఖాళీ చేసే ప్రతిసారీ ఈ వెంట్లను ముందు చూడండి. తిరిగి నింపేటప్పుడు రూఫ్ తేలేదాకా వేగం సెకనుకు ఒక మీటరు దాటనివ్వకండి. స్థిర విద్యుత్తు పుట్టకుండా ఉండటానికి ఆ కట్టడి.

డెక్ *పగుళ్లు* గాలి తెచ్చే జబ్బు. పెద్ద వ్యాసం ఉన్న సింగిల్ డెక్ గాలికి అలలు అలలుగా కదులుతూ, కాళ్ల చుట్టూ, వెల్డుల దగ్గర అలిసిపోయి చిట్లుతుంది. 1983 ఆగస్టు 30న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో సుమారు 78 మీటర్ల వ్యాసం ఉన్న క్రూడ్ ట్యాంకు అంటుకుంది. దాని డెక్‌కు పగుళ్లున్నాయని అంతకుముందే తెలుసు. వాటిలోంచి క్రూడ్ డెక్ మీదికి ఊరింది. ఫ్లేర్ నుంచి ఎగిరొచ్చిన నిప్పురవ్వలే అంటించి ఉంటాయని భావించారు. మంట ట్యాంకంతా పాకి, మరిగిన క్రూడ్ బయటికి ఎగజిమ్మింది. చిన్న పగులును చూసి "తడిగా ఉందంతే" అనుకునే ముందు ఈ ట్యాంకును తలుచుకోవాలి.

దగ్గరి దారులు వద్దు

లేచిన వైపు ఇసుక బస్తాలు పెట్టి రూఫ్‌ను సమం చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కనిపించే గుర్తును చెరిపేసి, కనిపించని జబ్బును అలాగే ఉంచుతుంది. పైగా తేలే శక్తి తగ్గిపోయిన రూఫ్ మీదే అదనపు బరువు వేసినట్టవుతుంది. గదిలో నీరుంటే నీటినే తోడాలి. అదీ కారణం తేలి, పర్మిట్ వచ్చాక, గాలితో నడిచే, ఎర్తింగ్ ఉన్న పంపుతో.

సింగిల్ డెక్ రూఫ్‌కు నీరు ట్యాంకులోకే పోయేలా తెరిచిన ఎమర్జెన్సీ డ్రెయిన్ పెట్టించాలన్న ఆలోచనా వద్దు. ఆ డెక్ దాదాపు సరుకు మీదే ఆని ఉంటుంది కాబట్టి అదే రంధ్రంలోంచి ఆయిల్ పైకి వస్తుంది. అది డబుల్ డెక్ రూఫ్‌లకు మాత్రమే తగినది.

రూఫ్ మునిగాక నురుగు పరిచేసి నిశ్చింతగా ఉండటం మూడో పొరపాటు. 2003 సెప్టెంబర్ 26న జపాన్‌లో తొకాచి తీరాన పెద్ద భూకంపం వచ్చింది. తొమాకొమాయ్ రిఫైనరీ ట్యాంకుల్లో ఆయిల్ ఊగిపోయింది. ఒక క్రూడ్ ట్యాంకు ఆ రోజే అంటుకుంది. రూఫ్ మునిగిన నాఫ్తా ట్యాంకు మీద నురుగు పరిచారు. అయినా 28న అది కూడా అంటుకుంది. నురుగు విరిగి, అందులోని నీరు నాఫ్తాలోకి దిగేటప్పుడు పుట్టిన స్థిర విద్యుత్తే కారణమని పరిశోధకులు భావించారు. నురుగు పరిచాక దాన్ని చెదరకుండా కాపాడుకుంటూ, ట్యాంకును జాగ్రత్తగా ఖాళీ చేసే పనీ వెంటనే మొదలుపెట్టాలి.

తుపాను కబురు రాకముందే

2017 ఆగస్టులో హార్వీ తుపాను వాన టెక్సస్ తీరంలో ఎన్నో ఫ్లోటింగ్ రూఫ్‌లను ముంచింది. మన తూర్పు తీరానికి తుపానులు కొత్త కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. కాబట్టి ఏటా సెప్టెంబర్ ముగిసేలోగా ఈ పనులు అయిపోవాలి:

- ప్రతి పాంటూన్ గది మ్యాన్‌హోల్ తెరిచి గ్యాస్ మీటరు పెట్టి చూడటం, అడుగు తడిని కొలిచి గది నంబరుతో సహా రాయడం, మూతను గాలికి ఎగరకుండా బిగించడం.
- రూఫ్ డ్రెయిన్ సంప్ శుభ్రం చేసి, నీళ్లు పోసి కింద వాల్వు దగ్గర ధార చూడటం. సంప్‌లోని చెక్ వాల్వు కదులుతోందో లేదో తేల్చుకోవడం.
- డ్రెయిన్ వాల్వు మామూలుగా మూసి ఉంచే చోట, వాన వస్తే ఎవరు తెరవాలో షిఫ్ట్‌వారీగా పేరు రాసి అతికించడం.
- గైడ్ పోల్ రోలర్లు, రోలింగ్ ల్యాడర్ చక్రాలు చేత్తో తిప్పి చూడటం. సీల్ సందులు చుట్టూ కొలవడం.
- ఎనిమిది కొలతలను ట్యాంకు నిండుగా ఉన్నప్పుడొకసారి, సగం ఉన్నప్పుడొకసారి, కాళ్ల మీద ఆనే ముందొకసారి తీయడం.

చివరి పని అన్నిటికన్నా చవక. టేపు, కాగితం, ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. రేపు రూఫ్ ఒరిగిందని కబురు వచ్చినప్పుడు మీ చేతిలో ఆ మూడు వరసల అంకెలుంటే అది బరువా, రాపిడా, కాళ్లా అన్నది బల్ల దగ్గర కూర్చునే చెప్పగలరు. అవి లేకపోతే తెలుసుకోవడానికి ఎవరో ఒకరు ఆ రూఫ్ మీదికి దిగాల్సి వస్తుంది. ఆ అవసరం రానివ్వకుండా చూడటమే ఈ పనిలో మీ మొదటి బాధ్యత. ఈ వారంలో ఒక ట్యాంకు ఎంచుకుని మొదటి వరస కొలతలు తీసి పెట్టండి.